మా బావ బొట్టు పెట్టిన స్ఫటికం

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు రాదు. నన్ను దోమ కుడితే నా నోట్లోంచి అది గద్దై బయటికొస్తుంది. మొన్న ముత్తంగిలో మందుల దుకాణాయన బి12 మాత్రల అట్ట చేతికిస్తూ, “ఎండ తగలనియ్యకు సార్, ఖరాబైతది” అన్నాడు. నాకు చెబుతాడా! ఒళ్లు బాయిలర్‌లా మండిపోయింది.

చాలా ఏళ్ల కిందట, లారీ పోతే గాజుసామానంతా గజగజలాడే రోజుల్లో, పాశమైలారంలోని మా మందుల కంపెనీ ల్యాబులో, ఆ విటమిన్ ఒంట్లో పనిచేసే రూపాన్ని, అంటే కో-ఎంజైమ్‌ని, చీకటి పెట్టెలో నల్లగుడ్డ కప్పి, నా ఊపిరైనా తగలనివ్వకుండా రేగుపండంత ఎర్రటి స్ఫటికంగా పెంచాను. దాని అణువులో హైడ్రోజన్లు ఎక్కడెక్కడ కూర్చున్నాయో ఎక్స్-రేకు సరిగా ఆనదు; న్యూట్రాన్లకు ఆనుతుంది గానీ, వాటికి ఇసుక రేణువంత స్ఫటికం చాలదు. ఆ న్యూట్రాన్లు పుట్టే బొంబాయి రియాక్టర్‌లో ఎలాగో మాకొక వంతు దొరికింది. తప్పిపోతే మళ్లీ ఎప్పుడో దేవుడికే తెలియాలి. దసరా వెళ్లగానే ప్రయాణం.

ఆయుధపూజనాడు డ్యూటీకి వచ్చి చూద్దును గదా, అక్కడే స్టోర్సు చూసే మా అక్క మొగుడు, మా పెద్దబావ, పంపులూ పానాలూ వరసగా పేర్చిన ఆవరణలో నా స్ఫటికమున్న సీసానీ పెట్టెలోంచి తీసి నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, నడినెత్తి ఎండలో హారతిస్తున్నాడు!

“ఏం చేసినవ్ బావా! నల్లగుడ్డ ఎందుకు కప్పిన అనుకున్నవ్?”

“దిష్టి తగలకుండ కప్పినవ్ అనుకున్న. బొంబాయి వోతున్నది గదా బామ్మర్దీ, బొట్టు వెట్టకుండ ఎట్ల పంపుతం?”

“దానికి ఎండ పడదు బావా!” అని నేనరిచిన అరుపుకు భానూరు దాకా కాకులు లేచాయి.

“గింత ఎండకే ఖరాబయ్యేది గంత దూరం ఏం వోతది?” అన్నాడు తాపీగా.

వెలుతురుకు అణువు విరిగింది, మోసుకొచ్చిన కుదుపుకు స్ఫటికం నిలువునా చీలింది. బావను అని ఏం లాభం? ముట్టవద్దన్న ముక్కను తెలుగులో రాయించడం నామోషీ అనుకుని, ఇంగ్లీషులో బోర్డు పెట్టించిన మేనేజరు దొరను అనాలి! మా వంతు ఇంకెవరికో పోయింది. వాళ్లు హైడ్రోజన్లు చూశారట; మేం కుంకుమ చూశాం.

ఇప్పుడు ల్యాబులకు తాళాలు, కెమెరాలు. పూజ ఫొటోకు సరిపడా చేసి ముగిస్తారు. బావ లేడు. రేగుపండు మాత్రం నా కల్పనే, ఒప్పుకుంటున్నాను. అది బియ్యపు నూకంతే ఉండేది. కోపం సైజు నేనేమీ పెంచలేదు. ఊరెళ్లే నూకకు కూడా బొట్టు పెట్టే మనిషొకడు ఉండేవాడన్నదీ కల్పన కాదు. ఇప్పుడు నేను కంపెనీ పనిమీద ఏ ఊరికి బయలుదేరినా, గేటు దగ్గర కార్డు గీకించుకుని పంపిస్తారు.