మంగకు పెట్టిన అన్నం

పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాలు వెనక సందు ఉంది. మా ఇంటి నుంచి బజారుకు అదే దగ్గరి దారి. మొన్న ఒక ఉదయం ఆ సందులో నడుస్తుంటే పులిసిన అన్నం వాసన గుప్పున కొట్టింది. ముందురోజు పెళ్ళిలో మిగిలిపోయిన అన్నాన్ని నీలం డ్రమ్ముల్లో నింపి గోడ పక్కన పెట్టారు. నా ముందు వెళ్తున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోయింది. నేను మాత్రం అడుగు పడక అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు ఒక మేక గుర్తొస్తుంది, ఆ మేకతో పాటు రషీదా ఖాలా గుర్తొస్తుంది. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. ఆవిడను చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి కాబట్టి వాయిదా వేస్తూ వచ్చాను.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న రోడ్డు అందరికీ తెలుసు. ఆ రోడ్డు వదిలి మూడు మలుపులు తిరిగితే ఖాలా ఇల్లు. కింద ఆవిడ ఒక్కతే ఉండేది, పై వాటా మాది, ఆపైన మేడ. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన మనిషి. మెడలో టేపు లేకుండా ఆవిడను నేను చూసింది తక్కువ. మనిషిని చూసినా కొలత తీసుకుంటున్నట్టే చూసేది. తెనాలి నుంచి వచ్చి ఇల్లు అడగడానికి వెళ్ళినప్పుడు, మీరేం తింటారు, ఎంతమంది ఉంటారు అనే ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాం. ఆవిడ అవేవీ అడగలేదు. "మోటరేసి బంద్ చేసుడు యాదుంటదా?" అని ఒక్కటే అడిగింది. ఉంటుందన్నాను. ఆ మాటకు మా ఆయన నా వైపు చూసిన చూపు ఖాలా కంట పడకుండా ఉండి ఉండదు, అయినా ఇల్లు ఇచ్చింది.

మేడ మీద ఒక మూల రేకుల పాక ఉండేది. లోపల సిమెంటు తొట్టి, గోడకు కొట్టిన మేకులకు తాళ్ళు. మా అమ్మాయి సిరికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అది ఒకరోజు ఆ తాళ్ళు పట్టుకుని కిందికి వచ్చి, ఇక్కడ ఎవరుండేవారని ఖాలాని అడిగింది. "నా బక్రీలుండె బిడ్డా. మోకాళ్ళు పోయినంక ఇచ్చేసిన" అంది ఆవిడ. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే పాట. మేకలు కావాలి, కోళ్ళు కావాలి. నిజం చెప్పొద్దూ, పిల్ల కన్నా నాకే ఆశ ఎక్కువ. రోజంతా ఏసీ గదిలో నిలబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పి వచ్చే మనిషికి సాయంత్రం ఒక బతికున్న ప్రాణిని ముట్టుకోవాలని ఉంటుంది. "మేడ మీద మేకలేంటే?" అని నవ్విన మా ఆయనే తర్వాత సనత్‌నగర్‌లో తను పనిచేసే వర్క్‌షాపు నుంచి బోల్టులు తెచ్చి పాక రేకులు బిగించాడు.

ఖాలా ఒప్పుకుంది కానీ ఊరికే ఒప్పుకోలేదు. నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "షౌక్ మంచిదే బేటీ. కానీ గిది బొమ్మలాట కాదు. ఒక్క సాల్ చూస్త. నీ లాపర్వాతోని ఒక్క జానవర్ పోయినా, మిగిలినవన్నీ తోల్కపోయి మా చెల్లె కాడ ఇడ్సిపెడ్త. గప్పుడు ఏడ్వొద్దు." ఏడాదిలో నా అజాగ్రత్త వల్ల ఏదీ పోదని, సరేనన్నాను. సిరి నాకన్నా ముందు సరేనంది.

మేకలు ఖాలా చెల్లెలి ఇంటి నుంచే వచ్చాయి. గోధుమరంగుదానికి మంగ అని, నల్లదానికి రాణి అని సిరి పేర్లు పెట్టింది. కోళ్ళ దగ్గర మాత్రం నేను తెలివికి పోయాను. ఖాలా రాకుండా ఎర్రగడ్డ వెళ్ళి, అన్నీ పెట్టలేనని అమ్మినవాడు ఒట్టేస్తే నమ్మి, ఆరు పిల్లలను తెచ్చాను. పెరిగేసరికి అందులో మూడు పుంజులు తేలాయి. పక్కనే ఆడపిల్లల హాస్టలు. ఒక పుంజు కూస్తే రెండోది ఊరుకోదు, రెండోది కూస్తే మూడోదానికి రోషం. హాస్టలు వార్డెన్ గొడవకు వచ్చింది. ఖాలా ఆవిడను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, మూడు పుంజులను వారంలో పంపించేస్తానని మాట ఇచ్చి, ఆవిడ వెళ్ళాక నన్ను పై నుంచి కింద దాకా ఒకసారి కొలిచింది. "కాళ్ళు చూసినవా? తోక చూసినవా? మరేం చూసి తెచ్చినవ్? మొఖం ముద్దుగున్నదనా?" అంది. నేను తెచ్చింది సరిగ్గా అది చూసే.

ఆవిడ పాఠాలు అలాగే ఉండేవి. మోకాళ్ళ నొప్పితో మేడ ఎక్కలేదు కాబట్టి కింద మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని అడిగేది. మంగ నెమరేస్తున్నదా? రాణి పెంటికలు గట్టిగున్నయా, మెత్తగున్నయా? ఏ కోడి రెక్కలు వేలాడేసింది? తెలియకపోతే తెలియదనాలి. ఊహించి చెబితే దొరికిపోయేదాన్ని. మళ్ళీ పైకి వెళ్ళి చూసి రమ్మనేది. కోపంగా కాదు, కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టమన్నంత మామూలుగా. ఆరు నెలలు తిరిగేసరికి నాకు మేకను చూడడం వచ్చింది. అంతకుముందు ముద్దు చేయడం మాత్రమే వచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడకూ నాకూ కుదరలేదు. "అన్నం వద్దు. పిడికెడు సుత వద్దు. ఆకులు తినే కడుపది. అన్నం పడితే లోపల పులుస్తది" అనేది. మా వైపు ఇంటికి వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపితే అవమానించినట్టు. మిగిలింది పారబోస్తే పాపం, ఏదో ఒక ప్రాణి నోట్లో పడితే పుణ్యం. "మా ఊళ్ళో గేదెలకు కుడితిలో వేస్తాం కదా ఖాలా, ఏమైంది?" అన్నాను ఒకసారి. "గేదె సంగతి నాకెర్కలే. బక్రీ సంగతి ఎర్క" అని సూదిలో దారం ఎక్కించుకుంది. నేను తల ఊపాను. మనసులో మాత్రం, పెద్దావిడ చాదస్తం అనుకున్నాను.

ఆ ఏడాది కార్తీకంలో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ఇరవైమంది వస్తారనుకుంటే పన్నెండుమంది వచ్చారు. సాయంత్రానికి పెద్ద గిన్నెడు అన్నం, సగం గిన్నె పరమాన్నం మిగిలిపోయాయి. గిన్నెలు తోముకోవాలి, ఫ్రిజ్‌లో చోటు లేదు. ప్రసాదం చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాలేదు. రెండూ కలిపి బేసిన్‌లో వేసుకుని మేడెక్కాను. రాణి దూరంగా కట్టేసి ఉంది. మంగ నన్ను చూడగానే ముందుకాళ్ళు ఎత్తి నిలబడింది. ప్రసాదం అరగకపోతుందా అనుకుంటూ బేసిన్ దాని ముందు పెట్టాను. ఎంత ఆబగా తిందో! నేను పక్కనే కూర్చుని దాని వీపు నిమిరాను. ఒక మంచి పని చేసిన తృప్తితో బేసిన్ కడిగి కిందికి దిగాను.

మర్నాడు పొద్దున్నే సిరి పరిగెత్తుకుంటూ వచ్చింది. మంగ లేవడం లేదంది. వెళ్ళి చూస్తే ఎడమవైపు పొట్ట డప్పులా బిగిసి ఉంది. పళ్ళు నూరుతోంది. మూతి ముందు ఆకులు పెడితే మొహం తిప్పుకుంది. నా కేకకు ఖాలా మెట్లెక్కి వచ్చింది. ఒక్కో మెట్టుకూ ఆగి, రెయిలింగు పట్టుకుని, నెలల తర్వాత మొదటిసారి మేడ మీదికి వచ్చింది. వచ్చి చుట్టూ చూసింది. పాక మూలలో కొరికి వదిలేసిన గన్నేరు కొమ్మ ఒకటి కనిపించింది. ముందురోజు సిరి పక్కింటి గోడ మీంచి ఆకులు కోసి తెచ్చింది, వాటిలో అది కలిసి వచ్చింది.

"గన్నేరు జహర్ బిడ్డా. ఎంత పెట్టినవ్?" అని అడిగింది ఖాలా, మెల్లగానే.

"నాకు తెలీదు... పచ్చగా ఉంటే తెచ్చాను" అంది సిరి.

ఖాలా నా వైపు తిరిగింది. "ఇంకేమన్న పెట్టినవా?"

"లేదు ఖాలా. రోజూ పెట్టేదే" అన్నాను.

ఎందుకలా అన్నానో ఎన్నిసార్లు ఆలోచించుకున్నానో లెక్కలేదు. పిడికెడు కూడా వద్దన్న మనిషికి బేసినెడు పెట్టానని చెప్పడానికి సిగ్గు. దాన్ని మించి భయం. చెబితే రాణి పోతుంది, కోళ్ళు పోతాయి, పిల్ల గుండె పగిలిపోతుంది. పిల్ల కోసమే చెప్పడం లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎదురుగా ఉన్న ఆ పిల్ల మీదికే నేరం తోసేస్తున్నానని అప్పుడు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. అయినా చెప్పలేదు. ఖాలా బొగ్గు నూరి నీళ్ళలో కలిపి పట్టించింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి గన్నేరు తిన్నదని చెప్పింది. ఆయన విషానికి ఏం చేయాలో చెప్పాడు, అదంతా చేశాం. ఒక గంట గడిచింది.

నీళ్ళ కోసం కిందికి వచ్చాను. సిరి సింకు దగ్గర స్టూలు వేసుకుని చేతులు కడుక్కుంటోంది. సబ్బు రాస్తోంది, కడుగుతోంది, వాసన చూసుకుంటోంది, మళ్ళీ సబ్బు రాస్తోంది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. "పోవట్లేదమ్మా" అంది.

మెట్లు రెండేసి ఎక్కాను. "ఖాలా, నిన్న సాయంత్రం అన్నం పెట్టాను. బేసినెడు. పరమాన్నం కూడా" అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. మంగ మూతి దగ్గర వంగి వాసన చూసి, "తినే సోడా తే. జల్ది" అంది. మళ్ళీ ఫోన్ చేసి, "డాక్టర్ సాబ్, గన్నేరు కాదు. అన్నం. మస్తు తిన్నది. జర మీరే రావాలె" అంది. ఆయన వచ్చాడు. సెలైన్ పెట్టాడు, గొట్టం వేశాడు, చేయగలిగింది చేశాడు. మధ్యాహ్నం మూడింటికి మంగ నా ఒళ్ళో తల పెట్టి పోయింది.

"గంట ముందు చెప్పి ఉంటే బతికేదా?" అని అడిగాను. బతికేది కాదు అంటుందని ఆశ.

ఖాలా నా ఒళ్ళోంచి మంగ తల మెల్లగా కిందికి దించింది. "ఏమో బేటీ. బతికేదేమో, బతకకపోయేదేమో. నీకు తసల్లీ కోసం అబద్ధం చెప్ప. జానవర్‌కు నోరు లేదు. దాని నోరు నువ్వే. నువ్వు సుత మూస్కుంటే అది ఎవ్వరికి చెప్పుకోవాలె?" అంది. తర్వాత మంగ మీద పాత దుప్పటి కప్పుతూ, "పో. ముందుగాల బిడ్డకు చెప్పు" అంది.

తలుపు వెనక ముడుచుకుని కూర్చున్న పిల్ల ముందు నేల మీద కూర్చుని చెప్పాను. మంగ పోయిందని, గన్నేరు వల్ల కాదని, అన్నం నేనే పెట్టానని, పొద్దున అడిగితే అబద్ధం చెప్పానని. అది నన్నే చూస్తూ వింది. "అయితే నేను కాదా?" అంది. కాదన్నాను. "నిజంగా నేను కాదా?" అని మళ్ళీ అడిగింది. అప్పుడు మంగ కోసం ఏడవడం మొదలుపెట్టింది. పొద్దుట్నుంచి అది ఏడ్చింది మంగ కోసం కాదు, భయంతో. ఒక పిల్ల దుఃఖాన్ని కూడా నేను గంటలకొద్దీ ఆపేశానని అప్పుడు అర్థమై, దాన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను.

మర్నాడు నేనే రాణి తాడు విప్పి, కోళ్ళను గంపలో పెట్టి, కిందికి తెచ్చాను. ఖాలా మిషను ఆపి ఎక్కడికని అడిగింది. మీరన్న మాట ప్రకారమే కదా అన్నాను.

"నేనన్నది లాపర్వా గురించి. అయింది, నీదే లాపర్వా. తప్పు ఎవ్వరితోనైనా అయితది. నాతోని సుత రెండు పోయినయ్. కానీ దాచెటోళ్ళ కాడ జానవర్లు బత్కయ్. నువ్వు దాచినవ్, మళ్ళ చెప్పినవ్." మిషను మీద గుడ్డ సర్దుకుంది. "పైకి తీస్కపో. ఇంకో సాల్ చూస్త."

ఆ తర్వాత ప్రతి ఏడూ కార్తీకం వెళ్ళగానే ఆ మాటే అనేది. నవ్వకుండా అనేది. రాణి ఈనింది, పిల్లలు పెరిగాయి, కోళ్ళు పొదిగాయి, కొన్ని పోయాయి కూడా. ప్రతిసారీ ఏమైందో, ఎవరివల్లో మెట్ల దగ్గర ఆ కుర్చీ ముందు నిలబడి చెప్పేవాళ్ళం. ఆవిడ విని, ఇకమీదట ఏం చేయాలో చెప్పేది. అంతటితో ఆ సంగతి అయిపోయేది. ఆవిడ పోయాక ఇల్లు చూసుకుంటున్న ఆవిడ మరిది కొడుకు మమ్మల్నీ మేకల్నీ అలాగే ఉండనిచ్చాడు. క్లాసులో మొదటిరోజు పిల్లలకు నేను మంగ కథ చెబుతాను. టెస్టింగ్‌కూ మేకకూ ఏం సంబంధం మేడమ్ అని నవ్వుతారు. చెప్పనిస్తారు, అది చాలు.

సిరికి ఇప్పుడు పదహారేళ్ళు. పోయిన ఆదివారం తెల్లవారుతుండగా వచ్చి నన్ను లేపింది. పైన ఏమైందో నేనింకా చూడలేదు, కోళ్ళ గూడు వైపు తను తప్ప ఎవరూ వెళ్ళలేదు. "అమ్మా, రాత్రి గూటికి గడియ నేనే వేయలేదు. పిల్లి రెండిటిని తినేసింది" అంది. దాని గొంతులో దుఃఖం ఉంది కానీ భయం లేదు. లేచి చెప్పులు వేసుకున్నాను. ఇద్దరం మేడెక్కాం. నిజం చెప్పడం నేను ఒక గంట ఆలస్యంగా నేర్చుకున్నాను. నా బిడ్డ నేను అడగకముందే చెప్పింది.