గడి తవ్విన ఏడు

మా ఇంటి పక్క జాగాలో ఎవరో పునాదులు తీయిస్తున్నారు. పచ్చిమట్టి వాసన హాయిగా ఉందని మా కోడలు కిటికీ బార్లా తెరుస్తుంది, నేను వెళ్ళి మూసేస్తాను. తవ్విపోసిన మట్టి వాసన నాకు ఇప్పటికీ పడదు.

నిజాం మీద పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నాకు తొమ్మిదేళ్ళు. ఏటా దసరా సెలవులకు అమ్మమ్మ ఊరికని వికారాబాదులో రైలెక్కి తాండూరులో దిగితే, మామయ్య ఎడ్లబండి కట్టుకుని వచ్చేవాడు. దారిపొడుగునా కందిచేలు, తంగేడు పూలు, ఇంటికి చేరగానే గడ్డిలో మగ్గేసిన సీతాఫలాల తీపి వాసన, రొట్టె, బెల్లం కలిపి అమ్మమ్మ చేసే మలీద ముద్దలు. మామయ్య నాకు పండు ఒలిచిచ్చేవాడు, భుజాల మీద ఎక్కించుకుని ఆకుతో ఈల వేయడం నేర్పేవాడు. ఆయనంత మంచివాడు లోకంలో లేడనుకునేదాన్ని.

ఊరి చివర కోటలాంటి జాగీర్దారు గడి ఉండేది. పోలీసు యాక్షన్ భయానికి ఆ కుటుంబం రాత్రికి రాత్రి హైదరాబాదు వెళ్ళిపోగా, వాళ్ళ వంటమనిషి ఖాసింబీ ఒక్కతే వంటగది ఆవరణలో మిగిలింది. సెలవులకు వచ్చిన పిల్లల కోసం ఆమె ఇత్తడి గిన్నెలో సేమ్యా తెచ్చేది. అమ్మమ్మ తాను ముట్టకపోయినా మమ్మల్ని మాత్రం వద్దనేది కాదు.

ఆ ఏడు వానలకు గడిగోడ ఒకటి కూలి, పశువులు కాసేవాడికి అందులో ఒక బంగారు నాణెం దొరికింది. అంతే, దొరలు పాతరేసిపోయిన బంగారమని చుట్టుపక్కల ఊళ్ళన్నీ గడ్డపారలతో వచ్చిపడ్డాయి. బషీరాబాదు వైపు నుంచి కన్నడం మాట్లాడేవాళ్ళు కూడా వచ్చారు.

పగలు మామయ్య వెంట చూడ్డానికి వెళ్ళాను. జాతరలా ఉంది గాని దేవుడు లేడు. మరిగి మరిగి నల్లబడిన నూనెలో మిరపకాయ బజ్జీలు, వాటి మీద ఈగలు, పులిసిన కల్లు కంపు, గుంటగుంటకీ కోసిన కోడి నెత్తురు, కడుపు కదిలితే బావి పక్కనే కూర్చునే జనం. చీకటి పడ్డా మామయ్య ఇంటికి బయలుదేరలేదు, అక్కడ ఇంకా రోతగా మారింది. కందిళ్ళ వెలుతురులో ఒకడి చేతుల్ని ఒకడు అనుమానంగా చూసుకుంటున్నారు. నాణెం మింగాడని ఒకణ్ణి కొట్టి, ఉప్పునీళ్ళు తాగించి కక్కించారు. ఆ కక్కును పుల్లతో కెలికి చూశారు. కెలికినవాళ్ళలో పెద్దమనుషులూ ఉన్నారు. ఆ గుంపులో ఎప్పుడు కలిశాడో, మామయ్య చేతిలోనూ గడ్డపార ఉంది.

వంటగది వెనక సీతాఫలం చెట్టు కింద ఖాసింబీ రోజూ సాయంత్రం కూర్చునేది. ముసలామె అక్కణ్ణుంచి కదలదంటే బంగారం అక్కడే ఉందని ఎవరో అన్నారు. అందరూ అటు పరుగెత్తారు. ఆమె నేలకు అడ్డం పడుకుంది.

"అండ్ల బంగారం లేదు. అండ్ల నా బిడ్డ ఉన్నది," అంది.

కలరా గత్తర వచ్చిన ఏడు పోయిన పసిగుడ్డట. ఊరి గోరీలదాకా మోసుకుపోయే మనిషి లేక అక్కడే పెట్టుకుందట. ఎవరూ వినలేదు, చేతులు పట్టి పక్కకు లాగేశారు. నేను అమ్మమ్మ కోసం పరుగెత్తాను. అమ్మమ్మతో తిరిగివచ్చేసరికి మట్టి మీద సన్నని ఎముకలు, గుడ్డు పెంకంత పలచని పుర్రె ముక్క కనిపించాయి. అందరూ ఒక్క క్షణం ఆగారు.

"ఇంకింత లోతు జూడుండ్రి. పైన ఎముకలేసి కింద దాస్తరు," అన్నాడొకడు.

మళ్ళీ తవ్వడానికి గడ్డపార ఎత్తింది మామయ్యే.

"ఏందిరా గిది? మనిషివేనా నువ్వు?" అంది అమ్మమ్మ.

"ఊకో అమ్మా, జర సూస్తున్నం గంతే," అన్నాడు గాని ఆమె వైపు చూడలేదు.

అమ్మమ్మ గుంటలోకి దిగింది. ఎవరింటి నీళ్ళూ ముట్టని మనిషి, ఆ ఎముకలన్నీ తన చేతులతో ఏరి ఖాసింబీ కొంగులో పోసింది. తెల్లవారి ఇద్దరూ కలిసి మా కందిచేను గట్టున వాటిని పూడ్చి, పైన నాపరాయి ఒకటి పరిచారు. ఖాసింబీ మా కొట్టం పక్క అర్రలో ఉండిపోయింది. పోయేదాకా ప్రతి శుక్రవారం ఆ రాయి దగ్గర ఊదు వేసేది.

గడిలో ఆ తరువాత తుప్పుపట్టిన తాళాలు తప్ప ఏమీ దొరకలేదు. మామయ్యకు అన్నం కొన్నాళ్ళు కొట్టంలోనే పెట్టింది అమ్మమ్మ, తరువాత కడుపుతీపి కొద్దీ ఇంట్లోకి రానిచ్చింది. నేను మాత్రం ఆయన ఒలిచిచ్చిన పండు మళ్ళీ తినలేదు.

పోయిన ఏడు తాండూరు నుంచి ఆటోలో ఆ ఊరికి వెళ్ళాను. గడి ఆనవాళ్ళు లేవు, మట్టిదిబ్బ ఒకటి మిగిలింది. అమ్మమ్మ పోయాక మామయ్య ఆ కందిచేను బండల గనికి అమ్మేశాడు. గట్టు లేదు, రాయి లేదు, ఉన్నదల్లా పచ్చగా పాకుడు పట్టిన నీళ్ళతో పెద్ద గొయ్యి.

"అమ్మా, గీడ గడిల బంగారం దొరికిందట గదా?" అని అడిగాడు ఆటో పిల్లవాడు.

"దొరకలే కొడుకా."

వాడు నవ్వాడు. "గంతమంది ఊకెనే తవ్వుతరా?" అన్నాడు. వాడి కళ్ళు ఆ మట్టిదిబ్బ మీదే ఉన్నాయి.