అత్తయ్య గొట్టం బిళ్ళలు

ఆదివారం ఆరాధన అయ్యాక మా మేనత్త చర్చి గేటు దగ్గర నిలబడి హ్యాండ్‌బ్యాగు తెరిచిందంటే, దగ్గేవాళ్ళంతా చుట్టూ మూగేవాళ్ళు. లోపల ఉండేవి టెట్రాసైక్లిన్ గొట్టం బిళ్ళలు. జ్వరం దిగాక కూడా మందు మింగడం దుబారా అని ఆవిడ సిద్ధాంతం. అందుకని ఇంట్లో ఎవరికి కోర్సు రాసినా సగంలో ఆపించి, మిగిలినవి దాచి, దగ్గినవాళ్ళకల్లా తలా ఒకటి పంచేది. "మందు కూడా దేవుడిచ్చిందేనే, దాచుకుంటే పాపం" అనేది. ఆవిడ హస్తవాసి మంచిదని మా పేటలో ఎంత గురి అంటే, డాక్టరుగారు రాసిచ్చిన చీటీ కూడా ముందు ఆవిడకే చూపించేవాళ్ళు.

డెబ్బైల చివర అది. నేను గవర్నర్‌పేటలో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. చదివిన చదువు ఊరుకోనివ్వదు కదా! "అత్తయ్యా, సగం సగం మింగితే చావని క్రిములు మొండికేస్తాయి" అంటే, "నీకంటే మొండివా?" అని నా నోరు మూయించేది.

ఆ చలికాలం జబ్బు ఆవిడకే వచ్చింది. ముందు వణుకు, తర్వాత డొక్కలో పోటు, ఇటుకపొడి రంగు కఫం. న్యుమోనియా అన్నారు డాక్టరుగారు. పెన్సిలిన్ సూది వేద్దామంటే ససేమిరా అంది. వెనక వీధిలో ఎవరికో ఆ సూది పడక కళ్ళు తేలేశారట. "నా గొట్టాలు నాకున్నాయిగా" అని వాటినే మింగుతూ పడుకుంది. ఆయాసం రోజురోజుకీ ఎక్కువై, మాట మధ్యలో ఆగి ఊపిరి అందుకునేది. ఈవిడ మొండితనంతోనే పోతుందని నాకు ఒకపక్క ఒళ్ళు మంట, ఒకపక్క భయం.

ఇక లాభం లేదని ఆవిడ కఫం పట్టుకెళ్ళి, ల్యాబులో గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద పూశాను. మందు అద్దిన కాగితం బిళ్ళలు రెండు దానిమీద పెట్టాను, ఒకటి టెట్రాసైక్లిన్, ఒకటి పెన్సిలిన్. మర్నాటికి న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ క్రిమి పచ్చటి మచ్చలుగా మొలిచింది. ప్లేటుకి మూత బిగించి, టేపు చుట్టి, సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఆవిడ కళ్ళముందు పట్టుకున్నాను. పెన్సిలిన్ బిళ్ళ చుట్టూ క్రిమి లేక ఖాళీ. టెట్రాసైక్లిన్ బిళ్ళ అంచుదాకా పచ్చగా మొలిచే ఉంది.

"నా మందు మీదికే ఎక్కి కూర్చున్నాయేంటే!" అంది.

"నీ మందంటే వాటికి లెక్కలేదు అత్తయ్యా."

కాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకుని చెయ్యి చాపింది. డాక్టరుగారు ముందు చర్మంలో ఒక్క చుక్క వేసి, పడుతుందని చూసుకున్నాకే సూది వేశారు. జ్వరం దిగింది. నేను వంటింట్లోకి వెళ్ళి భోరుమని ఏడ్చాను.

లేచి కూర్చోగానే డాక్టరుగారిని పట్టుకుంది. "దీనికి టీకా లేదాండీ?"

"పైదేశాల్లో వచ్చిందటమ్మా. కానీ ఈ క్రిమిలో బోలెడు రకాలు. టీకాలో ఏ రకాలు కలిపారో వాటికే పనిచేస్తుంది. మన బెజవాడలో ఏ రకాలు తిరుగుతున్నాయో ఎవరు చూశారు?"

"చీరల కొట్లో కూడా ఇన్ని రకాలుండవు కదండీ!" అని ఆయన్ని నవ్వించింది.

కాస్త ఓపిక వచ్చాక ఒకరోజు రిక్షా కట్టించుకుని ల్యాబుకొచ్చింది. దాచిన గొట్టాలన్నీ నా బల్లమీద కుమ్మరించి, "పారెయ్యి" అంది. నేను గెలిచినట్టు నవ్వాను. ఆవిడ నవ్వలేదు. స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మీ మావయ్య పోయేముందు కూడా ఇలాంటి ఆయాసమేగా. నేనిచ్చినవీ ఇవేగా" అంది.

"ఆయనది ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేసేదో అప్పుడెవరూ చూడలేదు అత్తయ్యా. తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

"ఎందుకని కూడా అడగలేదే ఆయన" అంది. "నేనిచ్చానని మింగేశారు."