జూదం మిషనుకి ఆయుధపూజ

మొన్న టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్న మా అమ్మాయి వాళ్లు ఓక్లహోమా సరిహద్దు దాటించి నాకు కేసినో, అదే జూదశాల, చూపించారు. నిలువెత్తు అద్దాల మిషన్లలో ఏనుగులు పరుగెత్తుతుంటే, నిప్పులు కురుస్తుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాను గానీ, నా చెయ్యి మాత్రం మిషను కుడిపక్కన తడుముతూనే ఉంది.

"అమ్మమ్మా, ఏం వెతుకుతున్నావ్? జస్ట్ స్క్రీన్ టచ్ చెయ్యి" అని ఉద్యోగం చేసుకుంటున్న మనవరాలు నవ్వింది. పిడి కోసమే అంటే దానికి అర్థం కాలేదు.

అప్పట్లో ఈ దేశంలో మనవాళ్లంటే డాక్టర్లో ఇంజనీర్లో అనుకునేవారు, మా ఆయన మాత్రం నెవాడాలో ఈ మిషన్లు బాగుచేసే షాపులో మెకానిక్కు. అయిదో తరగతి దాటని నేను, ఆయనకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి మూత తీసిన మిషనును మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. పిడి లాగితే స్ప్రింగు బిగిసి మూడు చక్రాలూ గిర్రున తిరగడం, ఒక్కో కొక్కెం ఒక్కో చక్రాన్ని పట్టి ఆపడం, అదంతా కరెంటన్నది లేకుండా మనిషి చేతి బలంతోనే! చక్రాల మీద చెర్రీలూ నిమ్మకాయలూ ఎందుకని అడిగితే, పూర్వం డబ్బు ఇవ్వకూడదన్న చోట్ల గెలిచినవాళ్లకు ఆ పళ్ల రుచుల చూయింగ్ గమ్ ఇచ్చేవారట, గమ్ పోయినా బొమ్మలు మిగిలాయని చెప్పారు. తర్వాత మోటార్లు వచ్చాక, ఎన్ని వందల నాణేలు గెలిచినా మిషనే గలగలా పోసేది.

అంతలో కంప్యూటర్ మిషన్లు వచ్చిపడ్డాయి. చక్రం ఎక్కడ ఆగాలో లోపలి చిప్పే తేల్చేస్తుందట! యజమాని ఒక కొత్త మిషను మా గ్యారేజ్‌కి పంపి, సోమవారానికల్లా దీని గుట్టు తెలుసుకుంటే ఉంటావు, లేకపోతే పాత మిషన్లతోపాటే నువ్వూను అన్నాడు. మా గ్రీన్‌కార్డు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది.

ఆ ఆదివారమే దసరా వచ్చింది. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అత్తగారు స్క్రూడ్రైవర్లకూ కారుకూ బొట్లు పెట్టి, మిషనుకి కూడా కుంకుమ పెట్టి, ధారాళంగా అక్షింతలు చల్లారు. నాణెం వేసే సందులోంచి కొన్ని గింజలు లోపలికి జారాయి. అప్పటిదాకా బుద్ధిగా ఆడిన మిషను, ఇక ఏ నాణెం వేసినా ఉమ్మెయ్యడం మొదలుపెట్టింది.

"ఏం చేశావమ్మా! రేపు దీన్ని ఆడించి చూపించాలే!"

"అన్నం పెట్టే వస్తువురా. నాలుగు గింజలకే చతికిలబడితే అదేం మిషన్రా?"

పాతదయితే ఆ గింజల్ని పిండి చేసి పారేసేది. ఆయన లోపలంతా తడిమి చూశారు, ఎక్కడా ఏదీ పట్టెయ్యలేదు. చివరికి టార్చి వేస్తే, నాణెం జారే దారిలో ఒక బుల్లి దీపం, దానికెదురుగా కన్నులాంటి గాజుముక్క, ఆ కంటికి అడ్డంగా నేతితో అతుక్కుపోయిన పచ్చటి గింజ.

"ఇది నాణేన్ని ముట్టుకోవట్లేదే, చూస్తోంది!" అని ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్నాళ్లూ మిషనుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చదివినా ఎక్కనిది అప్పుడు ఎక్కింది. ఆ కన్ను ఆనవాలు పట్టుకుని చక్రాలు ఎక్కడ ఆగాయో చూసే వెనకున్న కళ్లను కూడా సాయంత్రానికల్లా వెతికేశారు. సోమవారం యజమాని ముందే మిషను విప్పి, బిగించి, ఆడించారు. ఉద్యోగం నిలిచింది. అంతా అక్షింతల మహిమేనని అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు.

ఆయన పోయి ఏళ్లయింది. మొన్న ఆ కేసినోలో ఒక మిషను ఆగిపోతే, పనిచేసే అమ్మాయి వచ్చి వెనక తలుపు తీసింది. నేను ఆశగా తొంగి చూశాను. నాలుగు తీగలు, ఒక నల్లటి పెట్టె. ఆ పెట్టె తీసి ఇంకోటి పెట్టి వెళ్లిపోయింది. అంత వెలుగూ అంత సందడీ అంత చిన్న పెట్టెలోంచేనా అని విస్తుపోతూనే, ఆయన ఉంటే దాని మూత కూడా తీసి, అదృష్టం ఎక్కడ కూర్చుందో నాకు వేలుపెట్టి చూపించేవారు కదా అనుకున్నాను. ఇప్పుడు అలా చూపించేవాళ్లు లేరు, చూపించమని అడిగేవాళ్లమూ తగ్గిపోయాం.