వనపర్తిలో మారిపోయిన పియానో రికార్డు

కృష్ణ ఒడ్డు నుంచి నల్లమల దాకా వెతకండి. లోకం మరిచిపోయిన రొమాంటిక్ కాలపు పియానో సంగీతం నా దగ్గర ఉన్నంత ఇంకెవరి దగ్గరా లేదు. బీరువా నిండా రికార్డులే. అన్నీ సంస్థానపు బంగళా నుంచి వచ్చినవి. రికార్డు మీద ముల్లు ఆనగానే వాయించేది ఎవరో చెప్పేస్తాను.

ఈ మాట గద్వాలలో చాలామందికి చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. కాదనడానికి వాళ్లకేం తెలుసు?

మొన్న ఎండాకాలం మా ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. నాగర్‌కర్నూల్‌లో బిడ్డ దగ్గర ఉంది. పొయ్యి దగ్గరికి పోవద్దు, టీవీ చూడొద్దు అన్నాడు డాక్టరు. ఫోన్‌లో ఒకటే నస.

"పొద్దు పోతలేదయ్యా. నేను రొట్టెలు కొడుతుంటె పెడుతవు జూడు, గా పియానో ప్లేటు. దాన్ని ఫోన్ల ఎక్కిచ్చుకొని రా."

ఆ పాట కట్టినవాడు వాళ్ల దేశంలోనే ఎవరికీ గుర్తులేడు. రికార్డు పోతే మళ్లీ దొరకదు. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టయింది. అయినా ఆమె అడిగింది కదా. వనపర్తిలో పాత మైకు సెట్ల ఆయన రికార్డు పాటలను ఫోన్‌లోకి ఎక్కిస్తాడని విని బస్సెక్కాను. మా ఆమె కంటి ఆపరేషన్ సంగతి చెప్పి, ప్లేటు ఆయన ముందు పెట్టాను.

"ఇడిసిపెట్టి పో సారూ, సాయంత్రం రా" అన్నాడు.

"ఈడ్నే కూసుంట."

"నీ ప్లేటు నేనేం జేసుకుంట? పెండ్లిల గిది పెడితె పెండ్లికొడుకు లేసి పోతడు."

సరుకును తీసిపారేసేవాడికే దాని మీద కన్ను ఉంటుంది. కదలకుండా కూర్చున్నాను. అయినా చాయ్‌కి ఒకసారి లేవక తప్పలేదు. పైగా ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఏం ఎక్కిస్తున్నాడో బయటికి వినబడితే కదా!

నాగర్‌కర్నూల్ బస్సులో ఫోన్ చెవికి ఆనించుకొని విన్నాను. ఇది నా పాట కాదు. నాది సాయంత్రపు నీడలా మెల్లగా సాగుతుంది. ఇది దుంకుతోంది. శ్రుతి కూడా పైన ఉంది. సంచిలోంచి రికార్డు తీసి చూశాను. అట్ట నాదే. నడిమి కాగితం మీద నేను పెట్టుకున్న సిరా చుక్క కూడా ఉంది. చుక్క పెట్టడానికి ఎంతసేపు? ఆయన బల్ల మీద సిరా పెన్ను చూసినట్టే గుర్తు. అదే పాటను ఇంకెవడో వాయించిన ప్లేటు ఇందులో పెట్టి, నా అసలుది కొట్టేశాడు. బస్సులోంచే ఫోన్ చేశాను.

"తమ్మీ, నా ప్లేటు నాకియ్యి."

"నీ సంచిల్నే ఉన్నది గద సారూ!"

"గిది నాది గాదు. ఎవరికి అమ్మినవ్?"

అవతల పకపకా నవ్వాడు. దొరికిపోయినవాడు అలాగే నవ్వుతాడు.

"అమ్మకు కన్ను జేసిన్రు గద సారూ. నీకు చెవులు గూడ జేస్తరేమో జర అడుగు" అని పెట్టేశాడు.

ఠాణాకే పోదామనుకున్నాను. కానీ అక్కడ నిజం చెప్పాలి, దానికన్నా ఇక్కడ మీకు చెప్పడమే మేలు. బీరువాలో ఉన్నవి భజనలు, సినిమా పాటలు. పియానోది ఇదొక్కటే. అది బంగళా నుంచి వచ్చిందీ కాదు. గద్వాలలో పాత సామాన్ల దుకాణంలో రికార్డు ప్లేయర్ కొంటే అందులోనే ఉండింది. ఇంకెవరి పియానో నేను వినలేదు, ఇక గుర్తుపట్టేదేముంది? ఒక్కదాన్నే పట్టుకొని బతికేవాడికి అనుమానాలు ఎక్కువ.

బిడ్డ ఇంటికి చేరి, పాట పెట్టి, దొంగతనం కథంతా మా ఆమెకు చెప్పాను. నల్లద్దాల వెనక ఆమె కళ్లు కనబడలేదు. చెయ్యి మాత్రం జొన్నరొట్టె కొడుతున్నట్టు మంచం పట్టె మీద పడుతోంది. ఆ దెబ్బ పాటకు సరిగ్గా అతికింది.

"గిది మన పాట గాదే" అన్నాను. "మనది మనతోని ముసలైన పాట. నీ చెయ్యి గూడ ఏడాదికింత నిదానమైతుంటె నేను చూస్తనే ఉన్న."

చెయ్యి ఆగింది.

"ముసలైంది నీ పాటల డబ్బ, నేను గాదు. కొత్తల పాట గిట్లనే ఉరుకుతుండె. ప్లేటును తిప్పే బెల్టు సాగిందయ్యా అని నెత్తి కొట్టుకున్న, ఇన్నవా? పాట ఎనకబడితె నీవు చిన్నబుచ్చుకుంటవని నా చెయ్యి నేనే తగ్గిచ్చిన. నిదానంగ కొట్టి అంచులు పగిలిన రొట్టెలు నీవు తిన్నది గందుకే. ముందుగాల గా మైకు సెట్లాయనకు ఫోన్ జేసి, తప్పయింది అను."