క్వారీ నీళ్ళలో మా అన్న

మొన్న ఆదివారం సాయంత్రం, మారతహళ్ళిలో పీజీలో ఉండి చదువుకుంటున్న మా మనవరాలు హూడిలోని మా ఫ్లాటుకు వచ్చి, కాలేజీ క్లబ్బు వాళ్ళతో కలిసి సముద్రంలో స్కూబా డైవింగు చేసి వచ్చిన ఫోటోలు ఫోనులో ఒక్కొక్కటే చూపించింది. కళ్ళూ ముక్కూ కప్పే అద్దం, వీపున సిలిండరు, చుట్టూ చారల చేపలు. అవ్వకు ఇదంతా వింతగా ఉంటుందనుకొని విడమరచి చెబుతూ ఉంటే, నేనూ ఒకప్పుడు ఇట్లా మునిగినదాన్నేనమ్మా అన్నాను. పిల్ల నవ్వింది, నమ్మలేదు. నా ఈడువాళ్ళు మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. మా ఇల్లు చిక్కపేట వెనక సందులో ఉండేది. నాయన పట్టుచీరల అంగడిలో పనిచేసేవాడు. తాతల కాలంలోనే హిందూపురం వైపునుంచి వచ్చి స్థిరపడినవాళ్ళం కనుక ఇంట్లో తెలుగూ, గడప దాటితే కన్నడమూ మాట్లాడేవాళ్ళం. ఆ రెండూ వినపడనివాడు మా అన్న ఒక్కడే. పసితనంలో వచ్చిన జ్వరం అన్న వినికిడిని పట్టుకుపోయింది, దాని వెంటే మాటా పోయింది. అన్నకూ నాకూ మాత్రం చిన్నప్పుడే మేము కల్పించుకున్న భాష ఒకటి ఉండేది. ముక్కుపుడక తాకితే అమ్మ, రెండు చేతులూ చాపి గుడ్డ కొలిచినట్టు చూపితే నాయన, జడ లాగినట్టు చేస్తే నేను. అమ్మకు ఆ సైగలన్నీ తెలుసు. నాయనకు సగం తెలుసు, కానీ ఎన్నడూ చెయ్యెత్తి ఒక్కటీ చేసేవాడు కాదు. వీధిలో పిల్లకాయలు అన్న చేతుల్ని వెక్కిరించడం చూసి చూసి, అన్న చేతులు కదలడం మొదలైతే చాలు, నాయన లేచిపోయి వీధి తలుపు మూసేవాడు. చుట్టాలొస్తే చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోమని కళ్ళతోనే చెప్పేవాడు. కోపంతో చేసే పని కాదది, పదిమందిలో కొడుకు నవ్వులపాలు కాకూడదన్న దిగులు. అన్న అట్లాగే ఒళ్ళో చేతులు పెట్టుకొని పెరిగి పెద్దవాడయ్యాడు.

నా కాలేజీలో కొండలెక్కేవాళ్ళ క్లబ్బు ఒకటుండేది. నౌకాదళంలో గజ ఈతగాడిగా పనిచేసి రిటైరైన ఒక సార్ ఆ క్లబ్బుకు పరిచయమయ్యాడు. ఆయన దగ్గర మూడు జతల సిలిండర్లు ఉండేవి. హొసకోటె అవతల, రాళ్ళు కొట్టి వదిలేసిన క్వారీలో వానలకు నిండిన నీళ్ళున్నాయి, శనాదివారాలు వస్తే నీటిలోపల ఊపిరి తీసుకోవడం నేర్పుతానన్నాడు. ఇంట్లో చెప్పాను. "నీళ్ళల్లో మునిగేదానికి కాలేజీకి పోవాల్నా?" అంది అమ్మ. నాయన "అన్న తోడొస్తే పో, లేదంటే వద్దు" అన్నాడు. అట్లా బయలుదేరాడు మా అన్న, టెంపోలో ఒక మూల కూర్చొని. ఆడపిల్లలకు తోడుగా నా స్నేహితురాలి తల్లి కూడా వచ్చింది, గుంటూరువైపు నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మనిషి.

మొదటిరోజు సార్ మమ్మల్ని నీళ్ళలో దింపనే లేదు. గట్టుమీద కూర్చోబెట్టి, లోపల నోటికి పనిలేదు, చేతులే మాట్లాడాలి అని సైగలు నేర్పాడు. బొటనవేలు పైకి చూపితే బాగుందని కాదు, పైకి పోదామని. వేళ్ళతో సున్నా చుడితే అంతా క్షేమమని. పెద్ద పెద్ద చదువులు చదువుతున్న మగపిల్లలు ఒకటి చేయబోయి ఇంకొకటి చేసి పొట్టపట్టుకొని నవ్వుకుంటూ ఉంటే, కానుగచెట్టు కింద ఒంటరిగా కూర్చున్న అన్న మెల్లగా లేచి, దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇంతమంది పగటి వెలుతురులో సిగ్గులేకుండా చేతులు ఆడించడం అన్న జన్మలో చూసి ఉండడు. సార్ ఆ ముఖం చూశాడు. మీ అన్నకు ఈత వచ్చునా అని నన్నడిగాడు. అమ్మమ్మగారి ఊరి బావిలో నేర్చుకున్నాడన్నాను. చెవి సంగతి నర్సమ్మ గుచ్చి గుచ్చి అడిగింది, ఎప్పుడైనా చీము కారిందా, నొప్పి ఉందా అని. కర్ణభేరి బాగానే ఉంది, లోపలి నరమే చచ్చిపోయిందని పెద్దాసుపత్రి డాక్టరు ఏనాడో చెప్పాడని నేను చెబితే, అయితే భయం లేదంది.

రాత్రి అక్కడే క్లబ్బు గుడారాల్లో ఉన్నాం. మర్నాడు పొద్దున సార్ తనతోపాటు మమ్మల్నిద్దరినీ కలిపే దింపాడు. తాడు పట్టుకొని దిగుతూ ఉంటే పైనున్న గోలంతా తెగిపోయి, నా ఊపిరి నాకే పెద్ద ఈలలా వినిపించింది. పచ్చటి వెలుతురు, కింద రాతిమీద పాతకాలపు సుత్తిదెబ్బల గుర్తులు. ఇంతలో అద్దంలోకి నీళ్ళు వచ్చాయి. ఇక అంతే, నేర్చుకున్న సైగలు ఒక్కటీ గుర్తురాలేదు. గుండెమీద పిడికిలి ఆడించాను, మా ఇంటి భాషలో భయమని. సార్‌కు అర్థం కాలేదు. నేను తాడు వదిలి పైకి దూకబోతుంటే అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో నా జడ లాగినట్టు చేసి, తన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. నువ్వు, నేను. అంతే. తర్వాత సార్ వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు. ముగ్గురం మెల్లమెల్లగా, ఊపిరి బిగబట్టకుండా పైకొచ్చాం.

నేను వణుకుతూ దుప్పటి కప్పుకొని కూర్చున్నాను కానీ, అన్న సార్‌తో మళ్ళీ దిగాడు. సిలిండరులో గాలి అయిపోవచ్చేదాకా రాలేదు. వచ్చాక ఆ ముఖం చూడాల్సింది! పిల్లలంతా చుట్టూ మూగి, మీ భాషలో నీళ్ళకేమంటారు, ఆకలికేమంటారు అని నాచేత అడిగించారు. అందరికీ పేర్లు పెట్టాడు అన్న. సార్‌కు మీసం మెలి, నర్సమ్మకు తలమీద టోపీ.

తిరుగుదారిలో హొసకోటె బస్టాండు దగ్గర టీకి ఆగాం. అక్కడి జనం అన్న చేతుల్ని వింతగా చూడసాగారు. నవ్వుతున్న అన్న ముఖం మారిపోయింది, చేతులు మెల్లగా ఒళ్ళోకి వచ్చేశాయి. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అంగడి ముందునుంచి సార్, అంత పొడుగు మనిషి, నలుగురూ చూస్తుండగా, టీ కావాలా, చక్కెర ఎంత అని అన్న భాషలోనే తప్పులతడకగా అడిగాడు. అన్న ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. తర్వాత చేతులెత్తి, రెండు చెమ్చాలని బదులిచ్చాడు.

దీపాల వేళకు ఇల్లు చేరాం. ఎట్లుండె అని నాయన నన్నడిగాడు. నేను నోరు తెరవబోతుంటే అన్న నా భుజం నొక్కి ఆపి, తానే నాయన ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు, వెలుతురు, రాయి, అక్కడ అందరూ తనలాగే ఉండడం, అన్నీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉండింది. నాయన లేచాడు. తలుపు వేయడానికే అనుకొని అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాయన గోడ దగ్గరికి పోయి లైటు వేసి, తిరిగి వచ్చి కొడుకు ముందు కూర్చున్నాడు. ఆపైన, చీరలు మడిచి మడిచి గట్టిపడిన ఆ చేతిని తడబడుతూ పైకెత్తి చూపించాడు. మళ్ళీ చెప్పు, అని.

ఆ తర్వాత మా ఇంట్లో అన్న చేతుల్ని దాచడానికి ఆ తలుపు ఎవరూ మూయలేదు. నాయన ముసలితనంలో తండ్రీకొడుకులు అరుగుమీద కూర్చొని, దారినపోయేవాళ్ళ మీద చేతులతోనే పరాచికాలాడుకునేవాళ్ళు. అమ్మ విసుక్కునేది, ఇద్దరికీ పనీపాటా లేదప్పా అని.

ఇప్పుడు హొసకోటె దారిలో ఆ క్వారీ ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేను, అంతా గోదాములే. నాయన, అమ్మ వెళ్ళిపోయారు, కొన్నేళ్ళకు అన్నా వెళ్ళిపోయాడు. మెట్రోలో చెవులు వినపడని పిల్లలు ఫోను ముందు పెట్టుకొని, ఎక్కడో ఉన్న స్నేహితులతో సైగలతో హాయిగా కబుర్లాడుకుంటున్నారు. ఎవరూ తల తిప్పి చూడరు. చూసి కడుపు నిండుతుంది. కానీ వాళ్ళవి బడిలో నేర్చుకున్న సైగలు, నాకు అర్థం కావు. మా భాష మా ఇంటిది. మరచిపోతానేమోనని ఒక్కోసారి మధ్యాహ్నంపూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చేతులు కదిపి చూసుకుంటాను. ఒక్క మాటా పోలేదు, అన్నీ ఉన్నాయి. బదులిచ్చే చేతులే లేవు.