ఒసాకాలో మిగిలిన కట్టెలు

సోలాపూర్ అశోక్ చౌక్‌లో టవళ్ళ కార్ఖానా ఉన్న రాకేశ్ సేఠ్ ఏనాడూ పెంటప్పను వరస పెట్టి పిలిచినవాడు కాదు. "ఏ పెంటప్పా" అంటేనే మహా మర్యాద. అలాంటివాడు ఆ పొద్దున ఒసాకాలో హోటల్ గది తలుపు కొట్టి, లేవమని, ఈ రోజంతా ఊరు చూపిస్తానని, పైగా "కాకా" అని బాబాయి వరస కూడా కలిపేసరికి పెంటప్పకు సంతోషం కలగలేదు, అనుమానం పుట్టింది. నక్క వినయాలు సోలాపూర్‌లో చాలా చూసినవాడతను.

పెంటప్పది జోడ్‌భావి పేట్. గోడకు వేలాడదీసే బొమ్మల గుడ్డలు నేస్తాడు, అదీ చేతిమగ్గం మీద. పేటంతా పవర్‌లూముల మోతలో చెవులు పోగొట్టుకుంటుంటే ఇతనొక్కడు మొండిగా తండ్రి నరసయ్య మగ్గాన్నే పట్టుకుని కూర్చున్నాడు. నేసింది కొనే దిక్కు రాకేశ్ ఒక్కడే. జపాన్‌లో బట్టల ఎగ్జిబిషన్ ఉంది, జనం ముందు కూర్చుని నేయాలి అని ఆ రాకేశే తీసుకొచ్చాడు. మగ్గం కట్టెలు విప్పి పెట్టెల్లో పంపించారు. అచ్చును మాత్రం పెంటప్ప ఎవరి చేతికీ ఇవ్వలేదు. అచ్చంటే పడుగు పోగులన్నీ ఒక్కొక్కటిగా దూరి వచ్చే దువ్వెనలాంటిది. గుడ్డ కోసినప్పుడల్లా జానెడు పోగులు అచ్చులోనే వదిలి, వాటి కొసలకే కొత్త పడుగు అతుకుతారు. అందుకని నరసయ్య పోగులు నింపిన ఆ అచ్చు ఆయన పోయాక కూడా ఒక్కసారీ ఖాళీ కాలేదు. దాన్ని తువాలులో చుట్టి, విమానంలో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు. అది చూసి రాకేశ్ నవ్వాడు. వాడి తాత కూడా మగ్గం మీద కూర్చునే ముసలివాడయ్యాడన్న సంగతి వాడికి గుర్తులేదు.

ఎగ్జిబిషన్ ముగిసింది. జనం ముందు నేసిన నెమలి బొమ్మ గుడ్డ కోసి, పోగులు అచ్చులోనే వదిలి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, పేటకు పోయి కొత్త పడుగు అతుక్కోవచ్చు అనుకున్నాడు పెంటప్ప. ఇక మిగిలింది ఈ తిరుగుడు.

మొదట కోట చూపించాడు. బయట చుట్టూ కందకం, పెద్ద పెద్ద రాళ్ళు, బాగానే ఉంది. లోపలికి పోతే లిఫ్టు. కోటలో లిఫ్టేమిటని పెంటప్పకు ఒళ్ళు మండింది. పడిపోయినా మా సోలాపూర్ భూయికోట కిల్లాయే నయం, అబద్ధమాడదు అనుకున్నాడు. రాకేశ్ మాత్రం మెట్టు మెట్టుకూ ఆపి ఫోటోలు తీశాడు, భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బల్లి పడ్డట్టు అనిపించింది.

మధ్యాహ్నం కాలువ పక్క బజారుకు పోయారు. గోడల మీద పెద్ద పెద్ద పీతల బొమ్మలు, దీపాల బోర్డులు, తోసుకుపోయే జనం. రాకేశ్ గుండ్రటి ఉండలు కొనిచ్చాడు. అచ్చం యమునాబాయి పోసే అప్పెల్లా, గుంత పొంగణాల్లా ఉన్నాయని పెళ్ళాం గుర్తొచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాడు. నాలుక కాలింది, పంటి కింద రబ్బరు ముక్కలాంటిదేదో తగిలింది. ఆక్టోపస్ అన్నాడు రాకేశ్, పళ్ళికిలిస్తూ. పెంటప్ప దాన్ని కాగితంలోకి ఉమ్మేసి, సంచిలోంచి ఎండు జొన్నరొట్టె కడక్ భాకరీ, పల్లీల కారం తీసి కాలువ గట్టు మీదే కూర్చుని తిన్నాడు. రాకేశ్ పక్కన మరో పళ్ళెంలో వేడి అట్టు, దాని మీద చేప పొట్టు ప్రాణమున్నట్టు కదులుతోంది. దాన్ని మింగుతూనే అసలు సంగతి కక్కాడు.

"కాకా, మగ్గం ఈడ్నే ఉంటది. ఇక్కడి షోరూమోళ్ళు తీస్కున్నరు. నీకు సోలాపూర్‌ల కొత్తది చేపిస్త."

"నా మగ్గం అమ్మనీకి నువ్వెవడివి, సేఠ్?"

మాట ఇచ్చేశానన్నాడు రాకేశ్. పెట్టెలు తిరిగి పంపించే ఏర్పాటు లేదన్నాడు. వాళ్ళు ఇకముందు టవళ్ళ ఆర్డరు ఇస్తారు, కాదంటే అదీ పోతుందన్నాడు. చివరికి, కాదంటే పెంటప్ప గుడ్డ సోలాపూర్‌లో ఎవడు కొంటాడో తానూ చూస్తానన్నాడు. ఆ కాకా పిలుపు ఎప్పుడో ఎగిరిపోయింది.

పెంటప్పకు ఆ పళ్ళెం ఎత్తి వాడి మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. పాస్‌పోర్టు వాడి సంచిలో ఉంది, భాష రాదు, ఊరు కాని ఊరు. భాకరీ నమిలి మింగి, మగ్గానికి ఒక్కసారి దండం పెట్టుకుని వస్తానన్నాడు. ఇంత తేలిగ్గా తెమిలిందని రాకేశ్ ఉబ్బిపోయి తనే వెంటబెట్టుకుపోయాడు.

ఎగ్జిబిషన్ హాల్లో స్టాళ్ళు విప్పుతున్నారు. షోరూమువాళ్ళు మగ్గం ముందు నిలబడి నడుం వంచి దండం పెడుతున్నారు. పెంటప్ప కూడా పెట్టాడు. తర్వాత మగ్గం పక్కన కూర్చుని తాళ్ళు విప్పి, అచ్చును పోగులతో సహా పైకి లేపి, తువాలులో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"ఏంది చేస్తున్నవ్?" అని రాకేశ్ అడ్డం వచ్చాడు.

"కట్టెలు అమ్మినవ్ గద. కట్టెలు తీస్కో. ఇది మా నాయినది."

పరాయివాళ్ళ ముందు పెనుగులాడటానికి రాకేశ్‌కు మొహం చెల్లలేదు. తిరుగు విమానంలోనూ పెంటప్ప అచ్చును ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

రాకేశ్ అన్నంత పనీ చేశాడు. పెంటప్ప నేసే గుడ్డ కొనొద్దని చౌక్‌లో అందరికీ చెప్పాడు. యమునాబాయి బీడీలు చుట్టిన డబ్బుతోనే ఇల్లు నడిచింది. మగ్గం కట్టెలకు మాత్రం కరువు రాలేదు. పేటలో నేత మానేసినవాళ్ళు పొయ్యికింద పెడుతున్నవే అడిగి తెచ్చుకుని, నిలబెట్టి, నరసయ్య అచ్చు ఎక్కించాడు.

మొగుడూ పెళ్ళాం వేళ్ళకు బూడిద అద్దుకుని పాత కొసలకు కొత్త పోగులు అతుకుతున్న నాడు రాకేశ్ గుమ్మంలోకి వచ్చాడు. ఒసాకా షోరూములో మగ్గం ఆడటం లేదట. కొత్త అచ్చు చేయించినా దాన్ని పోగులతో నింపడం అక్కడ ఎవరికీ రాదట. ఆర్డరు ఆగిపోయిందట. మళ్ళీ కాకా అన్నాడు, గుడ్డలన్నీ కొంటానన్నాడు, ఒక్కసారి జపాన్ వచ్చి నింపిపొమ్మన్నాడు.

యమునాబాయి తలెత్తి మొగుడి మొహం చూసింది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ళు పగిలి ఉన్నాయి. పెంటప్ప ఆ వేళ్ళు చూశాడు. అయినా లేవలేదు.

"వంగి వంగి దండం పెట్టిన్రు గద సేఠ్, ఆ కట్టెలకు. రోజూ పెట్టుకోమను."

రాకేశ్ ఇంకా ఏదో అంటున్నాడు. యమునాబాయి తల దించుకుని, తర్వాతి పోగు కొస వెతికి మొగుడి చేతికి అందించింది.